'గ్రంబుల్' అంటే ఒట్టి గొణుగుడేనా?

ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు బట్టీ పట్టడం మన హాస్టళ్ళలో పాత అలవాటు. నోటుబుక్కు పేజీకి మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు రాసుకుంటాం. అట్లా రాసుకున్న మాటల్లో 'గ్రంబుల్' ఒకటి. దాని ఎదురుగా 'గొణుగుట, సణుగుట' అని ఉంటుంది. పరీక్షకు అది సరిపోతుంది. కాని ఈ మాట చేసే పని అంతకంటే పెద్దది. సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల పెరిగిన మనకు అది ఎవరూ చెప్పకుండానే సగం తెలుసు. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

ముందు పలకడం సంగతి. స్పెల్లింగు జి, ఆర్, యు, ఎం, బి, ఎల్, ఇ. ఇందులో 'బి' పలుకుతుంది. మాట చివర 'ఎం' తర్వాత 'బి' వస్తే ఇంగ్లీషు వాళ్ళు దాన్ని మింగేస్తారు. బొటనవేలు 'థమ్', దువ్వెన 'కోమ్', గొర్రెపిల్ల 'ల్యామ్'. 'ప్లంబర్'ను కూడా వాళ్ళు 'ప్లమర్' అంటారు. మన ఇండస్ట్రియల్ ఏరియాలో అట్లా పిలిస్తే ఎవరూ పలకరు, అది వేరే విషయం. గ్రంబుల్, హంబుల్, స్టంబుల్, టంబుల్ వంటి వాటిలో మాత్రం 'బి' స్పష్టంగా వినబడాలి.

ఇక అర్థం. మనసులో అసంతృప్తి ఉండాలి. అది నోటి దాకా రావాలి. వచ్చినా గొంతు పెరగకూడదు. ఈ మూడూ డిక్షనరీలో దొరుకుతాయి. దొరకనిది ఇంకొకటి ఉంది. వినవలసిన మనిషికి అది సగం వినబడాలి, సగం వినబడకూడదు. "ఏందిరా అంటున్నవ్?" అని ఆయన వెనుదిరిగి అడిగితే "ఏం లేదు సార్" అనడానికి వీలుండాలి. ఆ వీలు లేకపోతే అది గ్రంబుల్ కాదు, ఎదురు చెప్పడం అయిపోతుంది. అసలు వినబడకపోతే అదీ గ్రంబుల్ కాదు, మనసులో అనుకోవడం.

దీనికి దగ్గరి చుట్టాలు నాలుగైదు ఉన్నాయి. మన పిల్లలు వీటిని కలిపేస్తుంటారు. 'మంబుల్' అంటే మాట నోట్లోనే నానడం. అందులో కోపం ఉండనక్కర లేదు. ఇంటర్వ్యూలో భయంతో నీళ్ళు నమిలేవాడు మంబుల్ చేస్తాడు. 'మటర్' అంటే పెదవుల మధ్య తనకు తానే అనుకోవడం. 'విస్పర్' గుసగుస, అందులో రహస్యం ముఖ్యం. 'వైన్' అంటే చిన్న పిల్లల ఏడుపు గొంతుతో నస పెట్టడం. 'మర్మర్' వీటన్నిటిలో మెత్తనిది. వాగు నీళ్ళు మర్మర్ అంటాయి, తేనెటీగలు మర్మర్ అంటాయి, సభలో జనం కూడా మర్మర్ అంటారు. జనం అన్నప్పుడు మాత్రం పత్రికల వాళ్ళు చెవులు రిక్కిస్తారు.

ఈ 'మర్మర్' మనకు బయటిది కాదు. అది లాటిన్ నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. సంస్కృతంలో 'మర్మరము' అనే మాట ఉంది. ఎండుటాకులు, కొత్త బట్టలు చేసే చప్పుడుకు అమరకోశం చెప్పిన పేరు అది. రెండూ ఒకే పురాతన మూలం నుంచి వచ్చినవని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. గుండె డాక్టరు స్టెతస్కోపు పెట్టి "మర్మర్ ఉంది" అంటే, గుండెలో రక్తం నునుపుగా పోకుండా ఎక్కడో సుడి తిరుగుతున్నదని అర్థం. ఒక్కోసారి అది ప్రమాదం లేని చప్పుడే. ఒక్కోసారి కవాటం పాడైందనడానికి గుర్తు. అది ఎట్లాంటి చప్పుడో డాక్టరు శ్రద్ధగా విని తేల్చుకుంటాడు, అవసరమైతే ఎకో పరీక్ష రాస్తాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

'గ్రంబుల్' పుట్టుక వేరు. అది 16వ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో కనబడుతుంది. డచ్చి, జర్మన్ భాషల్లో గుర్రుమనడానికి ఉన్న మాటలకు ఇది బంధువు. అంటే ఇది చప్పుడును అనుకరించి పుట్టిన మాట. మన 'గొణుగు' కూడా అట్లాంటిదే, మూసిన నోట్లోంచి 'గొణ గొణ' అని వచ్చే శబ్దం. పక్కనున్న కన్నడంలోనూ 'గొణగు' అనే అంటారు. జహీరాబాదు దాటి బీదరు వైపు పోతే వినవచ్చు. నారాయణఖేడ్ అవతల మరాఠీ వాళ్ళు 'కుర్‌కుర్' అంటారు. మన కంపెనీల్లో పనిచేసే బీహారు, యూపీ అన్నలు 'బడ్‌బడానా' అంటారు. తమిళులది 'ముణుముణు'. ఏ భాష చూసినా రెండు అక్షరాలు తిప్పి తిప్పి అనడమే. ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అనుకోవడమే కదా గొణుగుడంటే!

మన మెదక్, సంగారెడ్డి ఊళ్ళలో ఇంకా చక్కని మాట ఉంది, 'గులుగుడు'. "ఏందే పొద్దుగాల్నుంచి గులుగుతున్నవ్" అంటారు. పుస్తకాల తెలుగులో ఇది తక్కువగా కనబడుతుంది కాబట్టి మన పిల్లలు పరీక్షలో రాయడానికి జంకుతారు. మా అభిప్రాయంలో 'గ్రంబుల్'కు ఇంతకన్నా దగ్గరి మాట లేదు. 'సణుగు'లో కొంచెం ముక్కు గొంతు ఉంది, 'నసుగు'లో తడబాటు ఉంది, 'రుసరుస', 'కస్సుబుస్సు'లలో కోపం బయటపడిపోయింది. 'గులుగుడు'లో మాత్రం కడుపులో ఉన్నది అడుగున ఉడుకుతూనే ఉంటుంది, మూత లేవదు. పత్రికల వాళ్ళు టికెట్టు రాని నాయకుల గురించి 'గుర్రుగా ఉన్నారు' అని రాస్తారు. అది నాయకుల గొణుగుడు, దాని లెక్క వేరు.

వాడుకలో చూసుకోవలసింది తర్వాత వచ్చే చిన్న మాట. దేని గురించి గొణుగుతున్నామో దాని ముందు 'అబౌట్' రావాలి. 'దే గ్రంబుల్డ్ అబౌట్ ద ఫుడ్' అంటే తిండి గురించి గొణిగారు. ఎవరి మీద గొణుగుతున్నామో వారి ముందు 'ఎట్'. ఎవరి దగ్గర చెప్పుకుంటున్నామో వారి ముందు 'టు'. నామవాచకంగా కూడా వాడవచ్చు, 'ఎ గ్రంబుల్' అంటే ఒక చిన్న ఫిర్యాదు. ఎప్పుడూ అదే పని మీద ఉండేవాడు 'గ్రంబ్లర్'. ఉరుము దూరంగా మూలిగినా గ్రంబుల్ అంటారు. పొట్టలో అప్పుడప్పుడు నొప్పి పెట్టి తగ్గిపోయే అపెండిక్సును ఇంగ్లండులో 'గ్రంబ్లింగ్ అపెండిక్స్' అనడం ఉంది. బాగున్నావా అని అడిగితే అక్కడి పెద్దవాళ్ళు 'మస్ట్‌న్ట్ గ్రంబుల్' అని జవాబిస్తారు. గొణగకూడదు గదా అని అర్థం. మన "ఏదో నడుస్తుంది తియ్" అన్నట్టు. బాగుందని కాదు, బాగలేదనీ కాదు.

నెపోలియన్ దగ్గర ముసలి సైనికుల దళం ఒకటి ఉండేది. వాళ్ళకు ఫ్రెంచివాళ్ళు పెట్టిన ముద్దుపేరుకు గొణుగుడుగాళ్ళని అర్థం. చక్రవర్తికి వినబడేట్టే గొణిగేవాళ్ళు, ఆయన సహించేవాడు. ఎందుకంటే యుద్ధంలో వాళ్ళు లేకుండా ఆయనకు గడవదు. గొణగడానికి కూడా ఒక హోదా కావాలన్నమాట.

మెదక్ చర్చికి పోయే మిత్రులకు ఇంకో ఉదాహరణ తెలిసే ఉంటుంది. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడి అరణ్యంలోకి వచ్చిన ఇశ్రాయేలీయులు ఆకలికి తాళలేక మోషే మీద సణుగుతారు. అక్కడ కనీసం కూర కుండల దగ్గర కూచుని తిన్నాం కదా అంటారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అక్కడ 'మర్మర్' ఉంటుంది. ఈ కాలపు అనువాదాల్లో చాలా వాటిలో 'గ్రంబుల్' ఉంటుంది. తెలుగు బైబిల్లో 'సణుగు'. బడిలో చెప్పేటప్పుడు దీన్ని కృతఘ్నత కింద చెబుతారు. కాని కథ చూడండి. ఆ సణుగుడు దేవునికి వినబడింది. సాయంత్రానికి పూరేడు పిట్టలు, పొద్దున్నే మన్నా వచ్చాయి. తర్వాతి కథల్లో ఇదే సణుగుడుకు శిక్షలు కూడా పడ్డాయి. ఒకే సణుగుడు ఒకచోట ఆకలి, ఒకచోట తిరుగుబాటు. దాన్ని ఏ పేరుతో పిలవాలో వినేవాడు నిర్ణయిస్తాడు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. మన హాస్టళ్ళలో ఉండే పిల్లల్లో చాలా మంది తండ్రులు, అన్నలు ఈ బెల్టులోనే పనిచేస్తారు. కొందరు పర్మనెంటు, ఎక్కువ మంది కాంట్రాక్టు. గొణుగుడు ఎక్కడెక్కడ పుడుతుందో మనకు చెప్పనక్కర లేదు. బీ షిఫ్టు దిగి సీ షిఫ్టుకు కూడా ఉండమన్నప్పుడు. ఓటీకి రెట్టింపు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్నా, మామూలు రోజు కూలి లెక్కనే చేతిలో పెట్టినప్పుడు. పీఎఫ్ కోత పడి ఖాతాలో మాత్రం జమ కానప్పుడు. గ్లౌజులు చిరిగినా కొత్తవి రానప్పుడు. ఈ మాటలు గేటు లోపల పుట్టి, గేటు బయట చాయ్ హోటల్లో పెరిగి, ఇంటికి వచ్చేసరికి పూర్తి గొంతు తెచ్చుకుంటాయి. అందుకే మన అమ్మలు "ఆడ నోరు తెర్వవు, ఈడికొచ్చి గులుగుతవు" అంటారు. ఆ ఒక్క మాటలో గ్రంబుల్ గురించి చెప్పవలసిందంతా ఉంది.

ఆడ ఎందుకు నోరు తెరవడు? తెరిస్తే కాంట్రాక్టరు "రేపట్నుంచి రాకు" అంటాడు. నోటీసు ఉండదు, కాగితం ఉండదు. అట్లాంటి చోట గొణుగుడు పిరికితనం కాదు, లెక్క. జేమ్స్ స్కాట్ అనే అమెరికా పండితుడు మలేసియా పల్లెల్లో ఉండి పేదల మాటతీరును పరిశీలించాడు. 1990లో రాసిన పుస్తకంలో ఈ గొణుగుడు గురించి కూడా రాశాడు. పైవాడికి చేరాలి, కాని పట్టుబడకూడదు, అందుకే పేదవాడు మూలుగుతాడు, నిట్టూరుస్తాడు, గొణుగుతాడు అని ఆయన చెప్పినదాని సారాంశం. కాబట్టి ఎవరైనా కుర్చీలో కూచుని "వీళ్ళంతా గ్రంబ్లర్స్" అన్నప్పుడు, ఆ కుర్చీకీ ఈ మాటకూ సంబంధం ఉందని మనం గమనించాలి. ఆఫీసరు అసంతృప్తిగా ఉంటే దాన్ని 'అభిప్రాయ భేదం' అంటారు. కూలివాడు ఉంటే 'గొణుగుడు'.

గొణుగుడు పెరిగి పెద్దదైన కథ మన దగ్గరే ఉంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం వైపు కంపెనీలు వచ్చాయి. వాటి నీళ్ళు ఇసుకవాగులో, నక్కవాగులో కలిసి మంజీర వైపు పోయేవి. వాగు ఒడ్డు ఊళ్ళలో మొదట వినబడింది ఉద్యమం కాదు, గొణుగుడే. నీళ్ళు వాసన వస్తున్నయి, బాయి నీళ్ళ రంగు మారింది, వరి ఎర్రబడుతుంది, బర్రెలు ఈసుకపోతున్నయి. విన్నవాళ్ళలో పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ముఖ్యులు. వైద్యానికి వచ్చేవాళ్ళ ఒంటి మీద మచ్చలనూ, వాళ్ళ ఊళ్ళ పేర్లనూ కలిపి చూశారు. గొణుగుడుకు లెక్కా పత్రం వచ్చింది. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ కేసు తర్వాత హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. మధ్యలో రైతులకు నష్టపరిహారం ఉత్తర్వులు వచ్చాయి. 1994లో కంపెనీల నీళ్ళను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు పటాన్‌చెరులో మొదలైంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ ప్లాంటులోంచి శుద్ధయి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ప్రపంచమంతా అప్పుడు పటాన్‌చెరు పేరు చదివింది. వాగు ఒడ్డు ముసలమ్మ "ఈ నీళ్ళల్ల ఏదో ఉన్నది బిడ్డా" అని అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచే గులుగుతున్నది.

పెద్దది కాకుండానే ఆగిపోయిన గొణుగుడు కూడా ఉంటుంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో చాలా మంది దూర రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు. చనిపోయిన ఒక ఉద్యోగి కుమారుడు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు గురించి అప్పుడు పత్రికల్లో వచ్చింది. యంత్రాలు పాతబడ్డాయని, ప్రమాదమని తన తండ్రి ఇంట్లో చెప్పేవాడని, యాజమాన్యానికి చెప్పినా పట్టించుకోలేదని అందులో ఉన్నట్టు రాశారు. ఆ వార్త చదివిన రోజు మన హాస్టళ్ళలో ఎంత మంది ఇంటికి ఫోన్ చేశారో మనకు తెలుసు. నాన్న ఏమని గులుగుతున్నడో అడిగి తెలుసుకోవడానికి.

వర్క్‌షాపుల్లో పాత ఫిట్టర్లను చూడండి. మోటారు నడుస్తుంటే స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటారు. బేరింగు గుర్రుమంటుంటే "ఇది ఎక్కువ రోజులు ఉండదు, మార్చాలె" అంటారు. యంత్రం గొణుగుడు వినడానికి ఇంత శ్రద్ధ ఉంది. గుండె గొణుగుడుకు స్టెతస్కోపు ఉంది. మనిషి గొణుగుడు వినడానికి ఏముంది?

చట్టంలో కొంత ఉంది. ఇంగ్లీషులో గొణుగుడు 'గ్రంబుల్', నోరు తెరిచి చెబితే 'కంప్లెయింట్', కాగితం మీదికెక్కి పరిష్కారం అడిగితే 'గ్రీవెన్స్'. సంగారెడ్డి కలెక్టరేటులో సోమవారం ప్రజావాణిని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ 'గ్రీవెన్సు' అనే అంటారు. ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే చోట గ్రీవెన్స్ కమిటీ ఉండాలని పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ చెప్పింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే చెబుతున్నది. కమిటీలో కార్మికుల తరఫు వాళ్ళు, యాజమాన్యం తరఫు వాళ్ళు సమానంగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా కంపెనీలో చేస్తుంటే ఈ కమిటీలో ఎవరున్నారో ఒకసారి అడగండి. చాలా చోట్ల "అదేంది?" అనే జవాబు వస్తుంది.

హాస్టల్లో మన సంగతి కూడా ఇంతే. పప్పు నీళ్ళగా ఉందని ప్లేటు ముందు కూచుని గొణుగుతాం, వార్డెన్ సారు వస్తే లేచి నిలబడి "బాగుంది సార్" అంటాం. డికెన్స్ రాసిన 'ఆలివర్ ట్విస్ట్' నవలలో అనాథ పిల్లలు ఆకలితో గుసగుసలాడి, చివరికి చీట్లు వేసుకుని, చీటీ పడ్డ ఆలివర్‌ను ఇంకొంచెం గంజి అడగడానికి పంపుతారు. ఆ గుసగుస లేకపోతే ఆ అడగడమూ లేదు. మన డైట్ చార్జీల విషయమూ చూడండి. ఎన్నో ఏళ్ళు మెస్సుల్లో గొణుగుడు, తర్వాత వినతిపత్రాలు, ధర్నాలు. 2024లో తెలంగాణలో ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్ళకు నెలకు 1100 నుంచి 1540 రూపాయలకు పెరిగాయి. 'అన్నం బాగలేదు' అన్నది గ్రంబుల్. 'సోమవారం రాత్రి, బుధవారం రాత్రి అన్నంలో రాళ్ళు వచ్చాయి, ఆ బస్తా మార్చాలి' అని తేదీ వేసి పది మంది సంతకాలు పెడితే గ్రీవెన్స్. ఒక్కడే సంతకం పెడితే ఏమవుతుందో కంపెనీల్లో పనిచేసే మన అన్నలను అడిగితే చెబుతారు. అందుకే పది మంది.

అంబేద్కర్ 1920లో పెట్టిన మొదటి పత్రిక పేరు 'మూక్‌నాయక్'. మూగవాళ్ళ నాయకుడు అని అర్థం. మూగవాళ్ళు నిజంగా మూగవాళ్ళు కారు. వాళ్ళు ఇళ్ళల్లో, వాడల్లో మాట్లాడుకుంటున్నదే అచ్చులోకి వచ్చింది.

ఈ వ్యాసం కోసం మేము గొణుగుడుకు మన వాళ్ళు వాడే మాటలు ఏరుతుంటే నోటుబుక్కులో ఒక పేజీ నిండింది. గొణుగు, సణుగు, గులుగు, నసుగు, మూలుగు, చిరుబురులు, గుర్రు. జోగిపేట వైపు, నర్సాపూరు వైపు, జహీరాబాదు తండాల్లో ఇంకా వేరే మాటలు ఉండవచ్చు. లంబాడీ మిత్రులు, ఉర్దూ మాట్లాడే మిత్రులు తమ ఇళ్ళలో ఏమంటారో, ఏ సందర్భంలో అంటారో ఒక వాక్యంతో సహా రాసి ఇవ్వగలరు. పాత విద్యార్థులు పనిచేసే చోట విన్నవి కూడా పంపవచ్చు. కంపెనీ పేరు రాయనక్కర లేదు.